సంతకం పైన ఒక వాక్యం

కంపెనీ పెట్టడమే కష్టం, అమ్మేయడానికేముంది అని కిరణ్మయి దగ్గర మాత్రం అనకండి. ముందు నవ్వుతుంది, తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంటుంది, ఇక ఆ మధ్యాహ్నం మీది కాదు. పాపం, ఆవిడ తప్పేం లేదు లెండి. ఎనిమిదేళ్లు నడిపిన కంపెనీని అమ్మడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల్లో పడ్డ పాట్లు అంతకుముందు ఎనిమిదేళ్లలోనూ పడలేదంటుంది.

ఆ కంపెనీ పేరు 'మూట'. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన రెండు గదులు, కిరణ్మయి కాక పదిమంది ఉద్యోగులు. వాళ్లు చేసేది పైకి చిన్న పనే. కాటన్‌పేటలో బట్టల టోకు అంగళ్లు ఉన్నాయి కదా. ఏ రకం తాను ఏ గోదాములో ఏ అరలో ఉంది, ఏ ఊరి కొట్టుకు ఏ లారీ మీద పోయింది, చేరిందా లేదా అన్నది ఆ అంగళ్లవాళ్లకు ఫోనులో చూపించే సాఫ్ట్‌వేర్. వినడానికి ఇంతే. చేసినవాళ్లకు తెలుస్తుంది.

మొదటిసారి చేసినప్పుడు ఏమైందో వినండి. అప్పటికి ఆమె పెద్ద ఉద్యోగం మానేసి వచ్చిన ఏలూరు పిల్ల. ప్రతి రకం బట్టకీ ఒక నంబరు పెట్టి, ఎంత ముచ్చటగా ఉందో అని తనలో తనే మురిసిపోయి, పిల్లప్ప అంగడికి పట్టుకెళ్లింది. పిల్లప్పది తాతల కాలంలోనే కాటన్‌పేటలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆ వీధిలో ఆయన మాటకు ఎదురుండదు. కళ్లజోడు సర్దుకుని ఫోను అటూ ఇటూ తిప్పి చూశాడాయన.

"ఏందమ్మా ఇది, జైల్లో ఖైదీల మాదిరి అన్నిట్కీ నంబర్లు ఏసినావు? మేము దీన్ని చిలకపచ్చ అంటాము, దాన్ని పెండ్లి ఎరుపు అంటాము. నీ నంబరు ఎవురికి తెలుస్తాది?"

కిరణ్మయి మొహం ఇంత చేసుకుంది.

"మొగం అట్ల పెట్టొద్దు. ఆరు నెల్లు ఈడ సుమ్నె కూర్చో. ఏం చేస్తాండామో చూడు. ఆమీన చెయ్యి" అన్నాడు.

ఊరికే కూర్చోమన్నాడు, కూర్చుంది. గల్లా పక్కన పీట వేయించాడు. ఆయన భార్య భాగీరథమ్మ ఆరు నెలలూ క్యారియర్లో ఇంకో మనిషికి సరిపడా రాగిముద్ద, ఉలవచారు ఎక్కువ పెట్టి పంపింది. ఎవరి పిల్ల, ఏ ఊరు, ఏ కులం అని ఒక్కనాడు అడగలేదు. ఉప్పు సరిపోయిందా అని మాత్రం అడిగేది. ఆ తల్లి చేతి ముద్ద తిన్న ఋణం ఏ జన్మకి తీరుతుందని కిరణ్మయి ఇవాళ్టికీ అంటుంది, అన్నప్పుడల్లా కళ్లు తుడుచుకుంటుంది. ఆర్నెల్ల తర్వాత చేసిన 'మూట'లో చిలకపచ్చ చిలకపచ్చే, పెండ్లి ఎరుపు పెండ్లి ఎరుపే. పిల్లప్ప తీసుకున్నాడు. ఆయన తీసుకున్నాడని పక్కవాడు తీసుకున్నాడు. అలా రెండువందల పద్నాలుగు అంగళ్లయ్యాయి.

ఒక్క కాగితం మీద కూడా సంతకం లేకుండా! ఈ ముక్క గుర్తుంచుకోండి, కథంతా ఇక్కడే ఉంది. మాటిచ్చిన మనిషిని సంతకం అడగడం ఆ వీధిలో అవమానం. కిరణ్మయి అడగలేదు, వాళ్లు పెట్టలేదు, ఎనిమిదేళ్లు బండి నడిచింది.

ఇక మార్త సంగతి. కంపెనీ రెండో ఏట చేరింది. చీరాల మనిషి, మగ్గాల ఇంట్లో పుట్టింది, భర్త సర్జాపురలో స్కూలు వ్యాను నడుపుతాడు. ఆవిడ పనల్లా ఫోను ఎత్తడం. 'మూట' మొరాయించినా, మూట దారి తప్పినా, అంగడివాళ్లు ఫోను చేస్తే ఎత్తేది మార్తే. చీరాల యాసలో కన్నడం కూడా దంచేస్తుంది, విన్నవాళ్లు నవ్వు ఆపుకోలేరు. కిరణ్మయి కన్నా పన్నెండేళ్లు పెద్దది కాబట్టి 'మార్తక్కా' అంటుంది కిరణ్మయి. మార్త మాత్రం ఎన్నిసార్లు వద్దన్నా 'మేడమ్' మానలేదు.

సరే, అంతా బాగుంటే అమ్మడం ఎందుకు అంటారా? బాగుండటం వేరు, బతికి బట్టకట్టడం వేరు. రెండువందల పద్నాలుగు అంగళ్ల మీద పదిమంది బతకొచ్చు, పెరగలేరు. పెరగడానికి పెట్టుబడి అడగబోతే, ఒకాయన "కాటన్‌పేట కాకుండా ఇంకేముంది?" అన్నాడు, ఇంకొకాయన మీటింగు మధ్యలో సమోసా తెప్పించుకుని తిన్నాడు. రెండుసార్లు జీతాలు ఆలస్యమయ్యాయి. ఆ రెండుసార్లూ పదిమందిలో ఒక్కరు కూడా పల్లెత్తు మాట అనలేదు. అందుకే మరీ సిగ్గేసింది కిరణ్మయికి. సర్జాపుర రోడ్డులో లారీల సాఫ్ట్‌వేర్ చేసే ఒక పెద్ద కంపెనీ కొంటామని వచ్చేసరికి, నెత్తిన పాలు పోసినట్టయింది. ఉద్యోగులకు తలా కాస్త వాటా ఉంది. అమ్మితే ఇన్నాళ్ల చాకిరీకి వాళ్ల చేతికీ ఏదో వస్తుంది, పెద్ద కంపెనీలో ఉద్యోగమూ ఉంటుంది.

ఆ కంపెనీ తరఫున వచ్చినవాడు హేమంత్‌కుమార్. చెడ్డవాడేం కాదు. మర్యాదస్తుడు, తెలుగువాడు, మాట్లాడితే సగం ఇంగ్లీషు. నాలుగు నెలలు లెక్కలు, కోడు, కరెంటు బిల్లులు కూడా చూసి, చివరికి ఒక జాబితా పంపాడు. తీసుకునే ఉద్యోగుల జాబితా. తొమ్మిది పేర్లున్నాయి. పదో పేరు లేదు.

"కిరణ్, టేక్ ఇట్ ఈజీ. ఫోన్స్ కోసం మాకు మంగళూరులో కాల్ సెంటర్ ఉంది, నలభైమంది ఉన్నారు. మార్తగారి రోల్ డూప్లికేట్ అవుతుంది" అన్నాడు.

కిరణ్మయి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ అదే జవాబు, అదే మర్యాద. నాలుగోసారి అడిగితే బేరం బెడిసికొడుతుందేమో, తొమ్మిదిమంది నోటి దగ్గర కూడు తీసినదాన్నవుతానేమో అని భయపడింది. జాబితా కింద సంతకం పెట్టేసింది. పెట్టాక, మార్తకు చెప్పాలి కదా? చెప్పలేదు. రేపు చెబుదాం, ఈ కాగితాలు అయ్యాక చెబుదాం అని కుక్కిన పేనులా ఊరుకుంది. ధైర్యం లేకపోవడాన్ని ఓర్పు అనుకునే అలవాటు చాలామందికి ఉంటుంది, ఆమెకూ ఉంది.

ఆ తర్వాత కొనేవాళ్ల లాయరు సౌమ్య అడిగింది: "కస్టమర్ల అగ్రిమెంట్లు ఏవండీ?"

"లేవు."

"అంటే, స్కాన్ చేయలేదా?"

"లేవండీ. అసలే లేవు."

సౌమ్య పెన్ను మూత పెట్టేసింది. తర్వాత వాళ్లలో వాళ్లు చెవులు కొరుక్కుని షరతు పెట్టారు. కంపెనీ చేతులు మారడం మాకు సమ్మతమే అని అయిదింట నాలుగొంతుల అంగళ్లు, అంటే నూటడెబ్బై రెండు, పన్నెండు రోజుల్లో సంతకం పెట్టాలి. లేదా బేరం లేదు. దానిదేముంది, ఫోనుకు లింకు పంపిస్తే అందులోనే సంతకం పెట్టేస్తారు అన్నారు.

పంపించారు కూడా. ఎప్పుడనుకున్నారు? మంగళవారం పొద్దున పదిన్నరకి, సరిగ్గా బోణీ వేళ. తెలియని నంబరు నుంచి, ఇంగ్లీషులో, 'ఇక్కడ నొక్కి సంతకం చేయండి' అని. ఏ లింకు వచ్చినా నొక్కొద్దు, నొక్కితే బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోతారు అని పిల్లప్పే నెల కిందట వీధిలో ప్రతి అంగడికీ చెప్పి ఉన్నాడు. ఇంకేముంది! పదకొండు కల్లా వీధి వీధంతా గగ్గోలు. 'మూట'లో దొంగలు పడ్డారన్నారు. పన్నెండు కల్లా సగంమంది 'మూట'ని ఫోనులోంచి పీకి పారేశారు. రోజూ రెండువందల అంగళ్లు తెరిచే సాఫ్ట్‌వేర్‌ని ఆ మధ్యాహ్నం పంతొమ్మిది అంగళ్లు తెరిచాయి. ఆ అంకె హేమంత్‌కుమార్‌కీ కనబడుతూనే ఉంటుంది కదా. "కిరణ్, వాట్ ఈజ్ హ్యాపెనింగ్?" అని ఫోను.

మార్త మాత్రం కుర్చీలోంచి లేవలేదు. సాయంత్రానికి నూటముప్పై ఫోన్లు ఎత్తింది. "దొంగలు కాదండీ, మన మేడమ్ పనే. ఆవిడే స్వయంగా వచ్చి చెప్తారు. మీరు భయపడకండి" అని ఒక్కొక్కరికీ విడివిడిగా, అదే మొదటి ఫోను అయినట్టు చెప్పింది. గొంతు బొంగురుపోయింది. కిరణ్మయి వేడినీళ్లు తెచ్చిస్తే తాగి మళ్లీ ఫోను ఎత్తింది.

మర్నాడు పొద్దున్నే కిరణ్మయి కాటన్‌పేటకు పరిగెత్తింది. పిల్లప్ప గల్లా దగ్గరే ఉన్నాడు. ఎప్పుడూ చూడగానే 'రామ్మా' అనే మనిషి, ఆ రోజు అనలేదు.

"అమ్ముతాండావంట గదా?"

"అవునండీ. ముందే మీకు చెప్పి ఉండాల్సింది. ఎవరికీ చెప్పకూడదని వాళ్లు రాయించుకున్నారు. అయినా మీకు చెప్పాల్సింది. తప్పు నాదే" అంది. దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు.

పెద్దాయన గల్లా పక్కన పీట జరిపాడు. తర్వాత, "కూర్చోమ్మా" అన్నాడు. "అంగడి పెట్టినోళ్లు అమ్ముకుంటారు. దాంట్లో తప్పేముండాది? మా నాయన రెండు అంగళ్లు అమ్మినాడు. ఎనిమిదేండ్లు మమ్మల్ని చూసుకున్నావు, నీ కడుపు చల్లగా ఉండల్ల. అది కాదు నా బాధ. ఎవురో ఊరూ పేరూ లేనోడు ఫోన్లో సంతకం పెట్టమంటే పెడతారా జనం?"

"మరి ఎలా పెడతారు?"

"కాగితం తేవల్ల. నువ్వు తేవల్ల, నీ మనిషి తేవల్ల. సంతకం పైన నాలుగు వేళ్లంత జాగా వదలల్ల."

ఎందుకా జాగా అంటే, ఆ వీధి పద్ధతి చెప్పాడు. అచ్చు వేసిన కాగితం మీద వాళ్లు ఉత్త సంతకం పెట్టరు. అచ్చులో ఉన్నది అవతలివాడి మాట. తన మాట ఒకటి, ఒక వాక్యమైనా సరే, తన చేత్తో, తన భాషలో పైన రాసి, దాని కింద పెడితేనే అది సంతకం. రాశాక నాలుగు మడతలు పెట్టి ఇస్తారు. రాసినవాడి ఎదుట దాన్ని విప్పి చదవకూడదు. చదివితే బేరమాడినట్టు.

కిరణ్మయి ఈ మాట సౌమ్యకు చెబితే, "ఏం రాస్తారండీ?" అని అడిగింది. "తెలీదు" అంది కిరణ్మయి. చట్టంలో చేతిరాత వద్దని ఎక్కడా లేదు కాబట్టి సౌమ్య సరేనంది. తలపట్టుకునే అన్నా, అంది.

ఇక చూడండి తిరుగుడు. వీధికి తూర్పు వైపు కిరణ్మయి, పడమర వైపు మార్త. చెరో గుడ్డసంచి, సంచినిండా కాగితాలు. ఏప్రిల్ ఎండ, ఎదురొచ్చే తోపుడుబళ్లు, నెత్తి మీద బేళ్లతో హమాలీల కేకలు. ప్రతి అంగడిలోనూ కూర్చోవాలి, కాఫీ తాగాలి, వాళ్ల పిల్లల చదువులు అడగాలి, అప్పుడు కాగితం తీయాలి. కాఫీ వద్దంటే కుదరదు. రోజుకి పదకొండు కాఫీలు తాగిన కిరణ్మయికి కడుపులో మంటే మంట. అయినా ఆ మనుషుల్ని చూస్తే ఎంత బాగుండేదో! ఆమె సంగతేదో తమ ఇంటి సంగతి అన్నట్టు అడిగారు. "అమ్మినాక ఏం చేస్తావమ్మా? ఇంగొకటి పెడతావా?" అని ఒకరు, "రొంత నిద్రపో, మొగమంతా పీక్కపోయుండాది" అని ఒకరు. సుంకన్న అనే జాకెట్టు గుడ్డల వ్యాపారి, కొనేవాళ్లు మోసగాళ్లయితే చెప్పు, మాకు తెలిసిన లాయరుండాడు అని ధైర్యం కూడా చెప్పాడు. ఆ కొనేవాళ్ల లాయరు చెప్పబట్టే తాను ఇలా తిరుగుతున్నానని ఆయనకు చెప్పడానికి ఆమెకు మనసొప్పలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇద్దరూ ఒక చిన్న హోటల్లో కలుసుకునేవాళ్లు. నాలుగో రోజు కిరణ్మయి గట్టిగా నిశ్చయించుకుని వచ్చింది.

"మార్తక్కా, నీకొక విషయం చెప్పాలి."

"ముందు దోసె తినండి మేడమ్, చల్లారిపోతోంది."

తింది. తిన్నాక మార్త లేచి, "అవతల నలభై అంగళ్లున్నాయి, పదండి" అని సంచి భుజాన వేసుకుంది. చెప్పడానికి వచ్చిన మాట దోసెతో పాటు లోపలికే పోయింది. ఆరో రోజు మళ్లీ ప్రయత్నించింది. అప్పుడు మార్తకి చెప్పు తెగింది, ఇద్దరూ చెప్పులు కుట్టేవాడిని వెతుక్కుంటూ వెళ్లారు. ఎనిమిదో రోజు అసలు ప్రయత్నించనే లేదు. ఛీ నా బతుకు అనుకుంది. ఈవిడేమో ఎండలో చెప్పులరిగేలా తిరిగి, తనకి చోటు లేని కంపెనీ కోసం సంతకాలు పోగుచేస్తోంది. నేనేమో పక్కన కూర్చుని దోసె తింటున్నాను అనుకుంది.

తొమ్మిదో రోజు సాయంత్రానికి నూటఎనభై ఒకటి వచ్చాయి. కావాల్సింది నూటడెబ్బై రెండే. "గట్టెక్కాం మేడమ్" అని మార్త కిరణ్మయి భుజం తట్టింది. కిరణ్మయి కాగితాలు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

మర్నాడు పదకొండింటికి సర్జాపుర రోడ్డు ఆఫీసులో, ఏసీ గదిలో, పొడుగాటి బల్ల మీద రెండు గుడ్డసంచులూ పెట్టారు. ఒక పక్క హేమంత్‌కుమార్, సౌమ్య. ఇంకో పక్క కిరణ్మయి ఒక్కతే. మార్త తమ ఆఫీసులోనే ఫోను దగ్గర ఉండిపోయింది. కాగితాల మడతలు అప్పటిదాకా ఎవరూ విప్పలేదు. వాక్యాలు తెలుగులో, కన్నడంలో ఉంటాయి కాబట్టి కిరణ్మయే చదివి చెప్పాలి.

మొదట తూర్పు సంచి, అంటే కిరణ్మయి తిరిగిన వైపు. మొదటి కాగితంలో 'రేటు పెంచొద్దు' అని ఉంది. హేమంత్ నవ్వాడు. రెండోదానిలో 'శ్రీరామ'. మూడోదానిలో 'అక్షరాలు చిన్నగా ఉన్నాయి, పెద్దవి చేయండి' అని ఫిర్యాదు. నాలుగోది సుంకన్నది. కిరణ్మయి గొంతు సవరించుకుని చదివింది: "నా సరుకు ఇరవై మూటలు దారి తప్పినప్పుడు మార్తమ్మ మూడు దినాలు లారీ ఆఫీసులకంతా ఫోన్ చేసి ఎదికిచ్చినాది. ఫోన్ ఆయమ్మ ఎత్తితేనే నాకు సమ్మతం."

హేమంత్ నవ్వు ఆగింది. "నెక్స్ట్" అన్నాడు.

"మార్తమ్మ ఉండేంతవరకు మేమూ ఉంటాము."

"నా భార్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు అంగడి నేను చూడలేదు. పదిరోజులు ఏది ఎక్కడ పెట్టాలో ఫోనులో మా తమ్ముడికి చెప్పింది మార్తమ్మే."

"మీ కంపెనీ మారినా మా మార్తమ్మను మార్చవద్దు."

కిరణ్మయికి అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఇన్ని సంగతుల్లో సగం ఆమెకే తెలియవు. మూడు రోజులు లారీ ఆఫీసులకు ఫోన్లు చేశానని ఆ మనిషి ఎప్పుడైనా చెప్పిందా? ఆస్పత్రి మాట ఎత్తిందా? ఎనిమిదేళ్లు ఈ కంపెనీని నేను నిలబెట్టానని, నా కోడు నిలబెట్టిందని అనుకుంటూ వచ్చింది. ముప్పైయో కాగితం చిక్కమునియప్ప అనే ఆయనది, కన్నడంలో, అదీ మార్తమ్మ మాటే. చదివి, అనువాదం చెప్పకుండా బల్ల మీద పెట్టేసింది.

"ఏం రాశారు?" అంది సౌమ్య.

"ఆగండి" అంది కిరణ్మయి. "మిగతావి చదవకముందే నేనొక మాట చెప్పాలి. చదివాక చెబితే ఈ కాగితాల బలం చూసుకుని చెప్పినట్టవుతుంది. మార్తక్క పేరు లేని జాబితా మీద నేను సంతకం పెట్టాను. పెట్టి ఉండకూడదు. ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. పదో పేరు లేకపోతే ఈ కంపెనీ నేను అమ్మను. మావాళ్లకి నేనే చెప్పుకుంటాను, కావాలంటే కాళ్లు పట్టుకుంటాను."

చెప్పేసింది! నెలన్నర నుంచి గొంతులో అడ్డం పడి ఉన్నది ఒక్కసారిగా బయటికి వచ్చేసింది. ప్రాణం హాయిగా ఉంది.

హేమంత్ కుర్చీ వెనక్కి జరిపాడు. "కిరణ్, బీ ఫ్రాంక్. ఆవిడే రాయించుకుందా?"

"ఈ సంచి నేను తిరిగిన వైపుది. ఆవిడ ఇటు అడుగే పెట్టలేదు."

"మీరు చెప్పి ఉండొచ్చు."

కిరణ్మయి పిల్లప్పకి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, ఫోను హేమంత్ ముందుకు జరిపింది. హేమంత్ మర్యాదగానే అడిగాడు, ఇలా రాయమని ఎవరైనా చెప్పారా అని.

"ఏమప్పా, అడిగి రాయించుకుంటే అది వాళ్ల మాట అవుతాది. మా మాట యాడ అవుతాది?" అన్నాడు పిల్లప్ప. "ఎవురు ఏం రాసినారో నాకి తెలీదు. నేను రాసింది నాకి తెలుసు. చదువుకోండి." అని ఫోను పెట్టేశాడు.

మిగతావి చదవడానికి మధ్యాహ్నం రెండున్నర అయింది. సౌమ్య ఒక తెల్ల కాగితం మీద గీతలు గీస్తూ కూర్చుంది. కిరణ్మయి పేరు ఏడు కాగితాల్లో వచ్చింది, అందులో రెండు ఫిర్యాదులు. మార్త పేరు నూటపద్దెనిమిదింటిలో వచ్చింది. పిల్లప్ప కాగితంలో ఒకే వాక్యం: 'కిరణమ్మ మా ఇంటి బిడ్డ, మార్తమ్మ మా అంగడి గొంతు.' చిట్టచివర మునివెంకటమ్మ అనే ఆవిడది. లోపలి లంగాల గుడ్డ అమ్ముతుంది, చదువుకోలేదు, పేరు రాయడం మాత్రం ఎవరో నేర్పారు. సంతకం పైన వంకరటింకర అక్షరాలతో ఒక్కటే మాట రాసింది. 'మార్తమ్మ' అని. ఆ ఒక్క మాటా ఎవరిని బతిమాలి నేర్చుకుందో, ఎన్నిసార్లు దిద్దుకుందో. కిరణ్మయి చదవలేక కాగితం సౌమ్య వైపు తోసింది.

సౌమ్య గీతలు లెక్కపెట్టింది. "సార్, అరవై నాలుగింటిలో ఇది షరతుగా రాశారు. మార్తగారు ఉంటేనే సమ్మతం అని. సంతకం పైన ఉంది కాబట్టి అదీ కాగితంలో భాగమే. ఆవిడ్ని తీసేస్తే ఈ అరవై నాలుగూ చెల్లవు. నూటపదిహేడే మిగులుతాయి. మన షరతు నూటడెబ్బై రెండు."

హేమంత్‌కుమార్ ఫోను పట్టుకుని బయటికి వెళ్లాడు. నలభై నిమిషాలు రాలేదు. ఆ నలభై నిమిషాలూ సౌమ్య, కిరణ్మయి ఎదురెదురుగా కూర్చున్నారు. సౌమ్య తన మంచినీళ్ల సీసా మూత తీసి ఆమె ముందు పెట్టింది, అంతే. వచ్చాక హేమంత్ కూర్చోకుండానే చెప్పాడు.

"మార్తగారి పేరు పెడుతున్నాం. ఫోన్స్ డెస్క్‌కి ఆవిడే హెడ్. మంగళూరు పిల్లలకి ట్రెయినింగ్ కూడా ఆవిడే ఇవ్వాలి. మూడేళ్లకి రాసిస్తాం." తర్వాత కుర్చీలో కూర్చుని, "మేం నాలుగు నెలలు మీ కంపెనీ అంతా గాలించాం కిరణ్. కొనాల్సిందేమిటో ఇవాళ తెలిసింది. థాంక్స్" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

కిరణ్మయి హెచ్‌ఎస్‌ఆర్‌కి వచ్చేసరికి నాలుగున్నర. మిగతావాళ్లంతా కింద టీ తాగడానికి వెళ్లారు. మార్త ఒక్కతే ఉంది, ఎవరికో లారీ నంబరు చెబుతోంది. ఫోను పెట్టేదాకా ఆగి, కిరణ్మయి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చుంది. ఈసారి దోసె లేదు, చెప్పూ తెగలేదు. మొత్తం చెప్పింది. జాబితాలో నీ పేరు లేదు, నేను సంతకం పెట్టాను, నెలన్నర నీకు చెప్పకుండా దాచాను, వీధి రాసిన మాటల వల్ల ఇవాళ నీ పేరు చేరింది, నన్ను క్షమించక్కా అని.

మార్త చీర కొంగుతో ఫోను తుడుస్తూ విన్నది. వీధివాళ్లు ఏం రాశారో విన్నప్పుడు మాత్రం చెయ్యి ఆగింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. "మునివెంకటమ్మ రాసిందా? రాయడం వచ్చా ఆవిడకి?" అని రెండుసార్లు అడిగింది. తర్వాత ముక్కు తుడుచుకుంది.

"జాబితా సంగతి నాకు తెలుసు మేడమ్."

"ఎలా?"

"ఫోన్లన్నీ ఎత్తేది నేనే కదా. వాళ్ల ఆఫీసు నుంచి ఒక పిల్ల చేసింది, మార్త అనే ఆవిడకి రిలీవింగ్ లెటరు ఏ అడ్రసుకి పంపాలండీ అని. నేనే మార్తనని పాపం ఆ పిల్లకి తెలీదు."

"మరి... నువ్వేం చెప్పావు?"

"అడ్రసు చెప్పాను. పిన్‌కోడ్‌తో సహా."

"ఎప్పుడు?"

"కాటన్‌పేటకి మొదలెట్టిన ముందురోజు."

"తెలిసీ, తొమ్మిది రోజులు ఆ ఎండలో ఎందుకు తిరిగావక్కా? వీధిలో ఒక్కరికైనా చెప్పలేదే?"

మార్త ఆ ప్రశ్నే అర్థం కానట్టు చూసింది.

"మిగతా తొమ్మిదిమంది పేర్లూ ఉన్నాయి కదా మేడమ్ అందులో."

కిరణ్మయి లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. "చాల్చాల్లెండి, ఎవరైనా చూస్తే బాగోదు" అని కసిరింది మార్త. కసురుతూనే ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, టీ తాగినవాళ్లు మెట్లెక్కి వచ్చేదాకా వదల్లేదు.